రోటవేటర్ మీద ఏబెలన్న

మునిచంద్ర ట్రాక్టర్ పట్టింది నిన్ననే. బంగారుపాళ్యం మామిడితోటలో రాత్రి దుక్కి. ఎనక రోటవేటర్ కత్తులు మట్టిని పిండి చేస్తా ఉండాయి. నేర్పించే ఏబెలన్న బరువు కోసరమని దాని మీదనే కూసోని, టార్చి ఏస్తా ఉండాడు.

"నేనుండాను కదప్పా. ఎనక్కి సూడొద్దు, పోనీ."

సాలు నడుమ బండి ఎగిరిపడింది. మునిచంద్రకు మెడ తిప్పాలని ప్రాణం పీకింది.

"రాయిలేప్పా, పోనీ."

గట్టు కాడ బండి తిప్పినాడు. హెడ్‌లైట్ల ముందర, ఇప్పుడే దున్నిన మట్టిలో సగం పూడిపోయి ఏబెలన్న టార్చి ఎలగతా ఉండాది. పక్కనే ఒంటి చెప్పు.

క్లచ్ తొక్కి బండి నిలిపినాడు. "అన్నా?"

చెవికి ఆనుకోని, సల్లంగా వచ్చింది మాట.

"ఎనక్కి సూడొద్దంటిని కదప్పా. పోనీ."