చూపుడువేలు

సెలుమా చిన్న సుల్తాను రాజ్యం. పొరుగుదేశం నేల మధ్యకు చొచ్చుకొచ్చి దాన్ని రెండు ముక్కలు చేసింది. జనం గుప్పెడు, సుల్తాను మాటే చట్టం. వేలెత్తి చూపడం అక్కడ అమర్యాద, దేన్నయినా బొటనవేలితోనే చూపిస్తారు. అక్కడ ఎవరూ ఎత్తరు కనుక ఆ చూపుడువేలినే గుర్తుగా పెట్టి, అది ఎవరివైపు లేస్తే వాళ్లను కాల్చేయమని సుల్తాను తన మరభటులకు నేర్పాడు. మొన్న సంతలో ఒకడు చేపను చూపిస్తే చేపలమ్మే మనిషి తల పేలిపోయింది.

చమురుబావిలో వెల్డరు అప్పలసూరి ఇదంతా ఫోనులో పెళ్లాం గున్నమ్మకు నూరిపోశాడు. అయినా రేవులో దిగి, ఎదురొచ్చిన మొగుణ్ణి చూడగానే ఆమె, రోజూ అతని ఫొటో ముందు అడిగినట్టే, చంకలోని బిడ్డను అడిగేసింది.

"నానేడమ్మా? మీ నానేడీ?"

బిడ్డ వేలు చాపింది.

"ఓలమ్మ! గుర్తట్టీసిందే!" అని మురిసిపోతూనే అప్పలసూరి గుండు తగిలి, నెత్తురు కక్కి కూలాడు.

గున్నమ్మ ఏడవలేదు. కొండమీది సుల్తాను మేడకేసి వేలెత్తింది. రేవులోని మరభటులంతా అటు తిరిగారు.