నాలుగు వందల్లో ఒక్కటి

"కొంచెం పక్కకి జరగండి దీదీ, జేసీబీ వచ్చేసింది" అన్నాడు ఎమ్మెల్యే ఆఫీసులో పనిచేసే సతీష్‌కుమార్.

సూర్యావతి జరగలేదు. కానుగ మొక్క మొదట్లో కూర్చుని, స్టీలు గ్లాసులోని పాలు మట్టిలో ఒంపుతోంది.

ఖుర్సీపార్ బస్తీలో ఆమె ఇంటి వెనకున్న ఈ ఖాళీ స్థలంలో ఎమ్మెల్యేగారు రెండేళ్ళ కిందట నాలుగు వందల మొక్కలు నాటించారు. ఫోటోలు దిగాక మళ్ళీ వాటి మొహం చూసినవాళ్ళు లేరు. సూర్యావతి రోజూ నీళ్ళు పోసిన ఈ ఒక్కటే బతికింది. ఇప్పుడు ఎలక్షన్లు దగ్గరపడ్డాయి. ఎమ్మెల్యేగారి ఐదేళ్ళ పనుల పుస్తకం అచ్చుకు వెళ్ళాలి. ఆరోగ్యం, చదువు, పిల్లల సంక్షేమం పేజీలు ఏదోలా నిండాయి. పర్యావరణం పేజీకి మాత్రం ఈ మొక్క తప్ప దిక్కులేదు. దాన్ని వేళ్ళతో సహా తవ్వి తీసుకెళ్ళి స్మృతి నగర్‌లో కొత్త అంగన్‌వాడీ గేటు ముందు నాటాలని ఆఫీసు హుకుం. ఆ పని సతీష్ నెత్తిన పడింది.

"మొక్కకి పాలేంటి దీదీ?" నవ్వాడు.

"అలవాటు."

"దీని బదులు యాభై మొక్కలు ఇప్పిస్తా. పక్కా."

"ఒద్దు బాబూ. ఇక్కడ తవ్వొద్దు."

కోపం లేదు, బతిమాలడం లేదు. రేషను షాపులో పేరు చెప్పినట్టు చెప్పింది. సతీష్‌కు అదే చిరాకు తెప్పించింది. అరిచేవాళ్ళతో ఎలా వేగాలో అతనికి తెలుసు.

డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు.

"సడి చెయ్యొద్దని చెప్పు బాబూ. అమ్ము పడుకున్నాది."

సతీష్ ఆమె ఇంటి తలుపు వైపు చూసి, చెయ్యి ఊపి ఇంజను ఆపించాడు. అతని ఇంట్లోనూ చంటిది ఉంది.

"అమ్ము మీ పాపా? పథకాల లిస్టులో చూసినట్టుందే!" ఫోను తీసి వెతికాడు. "ఇదిగో. హెల్త్ కార్డు వచ్చింది. అంగన్‌వాడీలో రోజూ గుడ్డు ఇస్తున్నారు. వచ్చే జూన్‌లో స్కూలు. మా మూడు పేజీల్లోనూ మీ పాప ఉంది దీదీ!"

"ఉంటాది."

"బరువే... ఏడాది నుంచి పదకొండు కిలోల దగ్గరే ఆగిపోయింది. తినదా?"

"తినదు."

సతీష్‌కు జాలేసింది. ఆ జాలిలోనే ఒక ఉపాయం తట్టింది.

"అరే, మొక్కని కదపడం ఎందుకు? పాపని దీని పక్కన నిలబెట్టి ఫోటో తీస్తే నాలుగు పేజీలకీ అదొక్కటే చాలు. ఎమ్మెల్యేగారినే ఇక్కడికి తీసుకొస్తా. ఏమంటారు?"

సూర్యావతి మొదటిసారి తలెత్తింది.

"మరి తవ్వరు కదా?"

"కసమ్ సే, తవ్వం." జేసీబీని వెనక్కి పంపేశాడు. "ఇక పాపని లేపండి."

ఆమె గ్లాసు బోర్లించి చివరి చుక్క రాల్చింది. లేవలేదు.

"టైం లేదు దీదీ, నేను ఎత్తుకొస్తాలే. ఎక్కడ పడుకుంది?"

సూర్యావతి తడిమట్టిని అరచేత్తో మెల్లగా సర్దింది.

"అంత చిన్నపిల్లని కాల్చరు కదా బాబూ, దీని కిందే పెట్టాం."