జనం లేని హోటల్

“ఇక్కడొద్దు. ఒక్క మనిషి లేడు. ఈగలు తోలుకుంటున్నారు” అన్నాడు అతను, గుమ్మం దగ్గరే ఆగిపోయి.

“ఇక్కడే తిందాం” అంది ఆమె.

ముప్పై ఏళ్ల కాపురంలో ఎక్కడ తినాలన్న విషయంలో ఆమె పట్టుబట్టడం ఇదే మొదటిసారి. ఆ పెత్తనం ఎప్పుడూ అతనిదే. పెద్ద హోటల్లో వంట మాస్టరు. అక్కడ చిన్నా పెద్దా అందరూ అతన్ని ‘తక్కెడ మాస్టారు’ అంటారు. గరిటె అంచు నాలుకకు తాకితే చాలు, ఏది ఎంత ఎక్కువో ఎంత తక్కువో తూచినట్టు చెప్పేస్తాడని ఆ పేరు. పెళ్లైన మూడో రోజే అత్తగారి వంటకు వంక పెట్టిన ఘనుడు. ఆవిడ అలిగి ఆరు నెలలపాటు అల్లుడికి వడ్డించలేదు.

సోమవారం అతను అంతకన్నా పెద్ద హోటల్లో చేరాలి. నలభై మంది వంటవాళ్లు చేతికింద ఉంటారు. పోయిన నెల వచ్చిన జ్వరం మనిషిని పీల్చేసింది. కొత్త కొలువులో చేరేముందు కాస్త గాలి మార్పు ఉంటుందని, కూతురు పోరుపెట్టి మరీ ఈ దీవిలో మూడు రోజులకు గది తీసిపెట్టింది.

దీవి మొత్తం చుట్టి రావడానికి గంట పట్టదు. హోటళ్లు మాత్రం పదకొండు. ఈ మూడు రోజులూ పూటపూటకీ అదే తంతు. ప్రతి హోటల్ ముందూ ఆగుతాడు. లోపలికి తొంగి చూస్తాడు. బల్లలు నిండి ఉంటేనే అడుగు పెడతాడు.

“జనం ఎగబడే చోటే రుచి ఉంటుంది” అంటాడు.

కూర్చున్నాక పళ్లెం ఆమె ముందుకు జరుపుతాడు. “ముందు నువ్వు తిను. ఎలా ఉందో చెప్పు.”

“కారం బాగా తగిలిందండీ” అంటుంది ఆమె.

అప్పుడు తనూ ఓ ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, “అవును, కారం కాస్త దూకుడు మీదుంది” అంటాడు.

నిన్న పక్క బల్ల దగ్గరున్న కొత్త పెళ్లికూతురు ఇది చూసి మొగుణ్ని మోచేత్తో పొడిచింది. “చూడండి, భార్యకు పెట్టాకే తింటున్నారు ఆయన. నేర్చుకోండి!” అది విని అతని భార్య నవ్వింది గానీ, నోట్లో ముద్ద మింగుడుపడలేదు.

ఇప్పుడు ఆఖరి భోజనం. నాలుగింటికి పడవ.

“ఆ చివర హోటల్ చూడు, జనం వరస కట్టి నిలబడ్డారు. వాళ్లంతా పిచ్చివాళ్లా?” అన్నాడు గొంతు తగ్గించి.

“మీరు వెళ్లండి. నేను ఇక్కడే తింటాను.”

సమాధానం కోసం ఆగకుండా లోపలికి వెళ్లి కూర్చుంది. అతను గుమ్మంలో నిలబడి పళ్లు నూరాడు. కాసేపటికి వచ్చి, కుర్చీని చప్పుడయ్యేలా లాగి ఎదురుగా కూర్చున్నాడు.

హోటల్ నడిపే ఆవిడే వంట కూడా. రెండు పళ్లేల్లో అన్నం, చేపల కూర తెచ్చింది. ఒకటి అతని ముందు, ఒకటి ఆమె ముందు పెట్టింది. తల ఎత్తలేదు. వెనక్కి వెళ్లి వంటగది తలుపు దగ్గర నిలబడి, తడి లేని చేతుల్ని గుడ్డతో తుడుచుకుంటూనే ఉంది.

“ఊఁ, ముందు నువ్వు” అన్నాడు.

“కడుపులో బాగా లేదు. మీరు కానివ్వండి.”

“ఒక్క ముద్దే కదా!”

“వద్దండి.”

అతను చుట్టూ చూశాడు. అన్నీ ఖాళీ కుర్చీలే. పైన ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె కిటికీలోంచి సముద్రం వైపు తల తిప్పుకుంది.

అతను ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. ఎప్పట్లాగే కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలాడు.

బల్ల కింద ఆమె బ్యాగు పట్టీని చేతికి బిగించి చుట్టుకుంది. ‘అరవండి. ఇదీ ఒక వంటేనా అనండి. పళ్లెం విసిరికొట్టండి’ అని లోలోపల మొక్కుకుంది.

రెండో ముద్ద. మూడోది.

“అమ్మా, ఒకసారి ఇలా రండి” అని పిలిచాడు. వంటావిడ భయంభయంగా వచ్చింది.

“చేప తాజాగా ఉంది. మసాలా ముక్కకు చక్కగా పట్టింది. చేయి తిరిగిన వంట మీది.” శిష్యులకు చెప్పేటప్పటిలా వేలెత్తాడు. “ఒక్కటే లోపం. ఉప్పు పిసరంత ఎక్కువైంది. ఇక మీదట చూసుకోండి.”

ఆవిడ ఏదో చెప్పబోయింది. భార్య కళ్లతోనే వద్దని వారించింది. వంటావిడ గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లిపోయింది.

“కదూ?” అన్నాడు అతను, భార్యతో. నలభై మందిని గడగడలాడించబోయే మనిషి గొంతులో, పరీక్ష రాసొచ్చిన పిల్లవాడి బెదురు.

ఆమె చేయి చాపి అతని పళ్లెంలోంచి చేప ముక్క ఒకటి తుంచి నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది.

“అవునండీ. కాస్త ఎక్కువే” అంది.

అతను గట్టిగా ఊపిరి వదిలి, నవ్వి, మళ్లీ ముద్ద కలిపాడు.

అతనికి పెట్టే కూరలో ఉప్పు ఒక్క రవ్వ కూడా వెయ్యొద్దని, పొద్దున అతను నిద్ర లేవకముందే వచ్చి, వంటావిడ చేతులు పట్టుకుని బతిమాలింది ఆమే.