చావని చేపలు

"చేపలు ఎందుకు చావలేదప్పా?" అని అడిగాడు రామసుబ్బయ్య.

కమాల్ బాషాకు ప్రశ్న అర్థం కాలేదు. ఆయనది ప్రొద్దుటూరులో అక్వేరియం అంగడి. చేపలు చచ్చాయని జనం వచ్చి గొడవ చేస్తారు. చావలేదని జీపు పంపినవాళ్లు ఇంతవరకు లేరు.

"బతకాలనే కదన్నా ఫిల్టరు పెట్టింది," అన్నాడు.

"విన్యావా బాలయ్యా? ఒప్పుకుంటాండాడు."

గన్‌మ్యాన్ బాలయ్య పోయి తలుపు మూశాడు.

అది జమ్మలమడుగులో రామసుబ్బయ్య ఇల్లు. ఎన్నికలకు నామినేషన్లు దగ్గర పడ్డాయి. బయట జీపులకు జెండాలు కడుతున్నారు. హాల్లో గాజు తొట్టి ఉంది. అందులో చేపలు తిరుగుతున్నాయి. పోయిన వారం బాషా వచ్చి బిగించిన ఫిల్టరు బుడగలు వదులుతోంది.

"ఎదుటి పార్టీ వాళ్లు ఎవురొచ్చినారు నీ అంగడికి?"

"ఎవురూ రాలేదన్నా. చేపలకు పార్టీ ఏంది?"

బాలయ్యకు నవ్వొచ్చింది. రామసుబ్బయ్య అటు తిరిగేసరికి మింగేశాడు.

"ఈయప్పకు చెప్పు, బాలయ్యా."

బాలయ్య చెప్పాడు. ఆ ఇంట్లోకి వచ్చే ప్రతి బిందెలోంచీ ముందు రెండు చెంబుల నీళ్లు తొట్టిలో పోస్తారు. మధ్యాహ్నం దాకా చేపలు బాగుంటేనే అన్న ఆ బిందె ముడతాడు. ఈ రోజు కూడా అట్లే పోశారు. చేపలు బాగున్నాయి. అన్న గ్లాసు ఎత్తాడు. అంతలో, అదే బిందెలో నీళ్లు తాగిన కుక్క వసారాలో పడి కాళ్లు కొట్టుకుంది.

"కుక్క సచ్చిపాయ," అన్నాడు బాలయ్య. "ఇవి చూడు, ఎట్ల ఈదులాడతాండాయో!"

బాషా తొట్టి వైపు చూశాడు. ఒకే నీళ్లకు కుక్క చావడమేమిటో, చేపలు బతకడమేమిటో, మధ్యలో తనను పట్టుకొచ్చి అడగడమేమిటో ఆయనకు అంతుపట్టలేదు. దగ్గరికి పోయి ఫిల్టరు మూత తీశాడు. తీశాక కొంచెం అర్థమైంది.

"దీంట్లో బొగ్గు ఉండాదన్నా. నీళ్లలో ఏం కలిసినా పీల్చుకుంటాది. చేపలకు రోగమొచ్చి మందు ఏసేటప్పుడు బొగ్గు తీసేయమని మేమే చెప్తాము. లేకుంటే మందు పని చెయ్యదు."

"అంటే విషాన్నీ పీల్చుకుంటాదా?"

"శానా వరకు పీల్చుకుంటాదన్నా."

రామసుబ్బయ్య లేచి నిలబడ్డాడు.

"మురికి నీళ్లకు ఊరికే చేపలు చస్తాంటే, ఏదో ఒక ఫిల్టరు తెమ్మని మా బామ్మర్దిని నీ అంగడికి పంపిస్తి. అన్ని ఫిల్టర్లు ఉండంగా ఈ బొగ్గుదే ఎందుకు అంటగడితివి? నిజం చెప్పు. చెప్తే ఇంటికి పోతావు. లేదంటే నిన్ను పెన్నలో ఎతుక్కోవాల మీవాళ్లు."

బాలయ్య బాషా వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"ఇడ్సిపెట్టు బావా," అన్నాడు సోఫాలో కూర్చున్న బావమరిది వెంకటేశు. "పాపం, అంగడాయన. రాజకీయాలు ఈయనకేం తెలుసు? బొగ్గు ఏం చేస్తాదో నాకేమన్నా తెలుసునా? మంచిదన్నాడు, తెచ్చినా. ఇంగ పంపిచ్చు."

బాషాకు ప్రాణం లేచొచ్చింది. ఆ హాల్లో తన తరఫున మాట్లాడింది ఈయనొక్కడే. అంత మంచి మనిషి బావ ముందర తెలివి తక్కువవాడిలా నిలబడటం బాషాకు నచ్చలేదు.

"అట్లనొద్దు వెంకటేశన్నా," అన్నాడు. తర్వాత రామసుబ్బయ్య వైపు తిరిగాడు. "నేను అంటగట్టలేదన్నా, అల్లా సాక్షి. స్పాంజిది చూపిస్తే వద్దన్నాడు. తొట్టికి తగిలించేది చూపిస్తే వద్దన్నాడు. ఈయన మాదిరి పరీక్ష చేసి కొనేవాళ్లు మా ఊళ్లో లేరు. చీనీ చెట్లకు కొట్టే పురుగుల మందు సీసాలో తెచ్చుకోని, మా అంగట్లో ఇది పెట్టిన తొట్టిలో పోసి, సాయంత్రం దాకా కూచోని, చేపలు బతికినంకనే ఈ బొగ్గుది కట్టియ్యమన్నాడు!"