తలకెక్కిన షుగర్

నాగవేణి విసిరిన నాడె అత్త వీరమ్మ కనుబొమ్మను చీల్చింది.

మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తాల్సిన చెక్క నాడె. రెండు చివర్లా ఇనుప మొనలు. రక్తం చింది మగ్గం మీది తెల్లదారాలు ఎర్రబడ్డాయి.

"నన్ను సంపాలని సూస్తావా ముసల్దానా!" అంటూ ఇంకో నాడె అందుకుంది నాగవేణి. ఒళ్ళంతా చెమట. చూపు ఎక్కడో ఉంది.

భర్త జయరాం వెనక నుంచి వాటేసుకున్నాడు. అతని ముంజేతిని కండ ఊడేలా కొరికింది. పొయ్యి మీద అన్నం ఇంకా ఉడుకుతూనే ఉంది.

కాసేపటికి నీరసంగా కూలబడింది. జయరాం అన్నం కలిపి తినిపించాడు. తిన్నాక తలెత్తి, అత్త తలకున్న కట్టు చూసి ఉలిక్కిపడింది.

"ఏమైందత్తా? పడినావా?"

వీరమ్మ గోడ వైపు వెనక్కి జరిగింది.

ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో ఎవరికీ ఇది అంతుపట్టలేదు. నాగవేణి గట్టిగా మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. పిల్లలు పుట్టలేదన్నదే ఆ ఇంట్లో లోటు. చిన్నప్పటినుంచీ ఆమెకు షుగర్. పెళ్ళయిన రోజు నుంచీ ఇన్సులిన్ సూది జయరామే వేస్తున్నాడు.

"సుగరు తలకెక్కిందిరా దానికి," అని తేల్చింది వీరమ్మ.

వీధంతా ఆ మాట ఒప్పుకుంది. ఆ రోజు నుంచి నాగవేణికి అన్నం సగం చేశారు. సంగటి పిడికెడే. సూది మాత్రం ఒక్కపూట కూడా తప్పనివ్వలేదు.

అయినా తగ్గలేదు. ముదిరింది.

నూలు తెచ్చిన ఉరుకుందప్ప కాళ్ళ మీద సలసల కాగే గంజి కుమ్మరించింది. చర్మం ఊడొచ్చింది. అతను వీధిలో పడి పొర్లాడుతుంటే, ఆమె గుమ్మంలో నిలబడి నవ్వింది.

వీరమ్మ పంచాయితీ పెట్టించింది. కొడుక్కి మారుపెళ్ళి చేయాలి. కోసిగిలో పిల్లను కూడా చూసిపెట్టింది.

"దాన్ని ఇడిసిపెట్టి నేనుండలేనమ్మా," అన్నాడు జయరాం.

"అయితే నన్ను పాతిపెట్టినాక దాంతో ఉండు. ఈసారి నా కంట్లోనే పొడుస్తాది."

పంచాయితీ కులపెద్ద శేషన్న ఇంటి ముందర. నాగవేణి అన్న యువరాజ్ ఆలూరు నుంచి జీపు వేసుకుని వచ్చాడు. పొద్దున మొదలైన మాటలు మధ్యాహ్నం దాకా సాగాయి. ఎవరో నాగవేణికి ఉప్మా ప్లేటు అందించబోయారు.

"దానికి పెట్టొద్దండప్పా. తింటే మళ్ళా లేస్తాది," అని వీరమ్మ లాక్కుంది.

శేషన్న గొంతు సవరించుకున్నాడు. "బిడ్డల్ని కనలేదు, సరే. మనుషుల్ని సంపేదేందప్పా?"

"మా చెల్లెలు అట్లాంటిది కాదన్నా," అన్నాడు యువరాజ్.

"అయితే నీ ఇంటికి తోలుకపో," అన్నాడు శేషన్న. " నీ పెండ్లాం తలకాయ ఉంటాదో ఊడుతాదో సూసుకో."

అందరూ నవ్వారు.

నాగవేణి జయరాం వైపు చూసింది. "నన్ను... పంపీవద్దు," అంది. నాలుక తిరగలేదు.

"తాగుడు కూడా ఉందే!" అన్నారెవరో.

జయరాం తల దించుకున్నాడు. "పెద్దలు ఎట్ల సెప్తే అట్ల."

తీర్పు శేషన్న నోట్లోనే ఉండిపోయింది. నాగవేణి లేచి, పెద్దల కోసం తెచ్చిన కొబ్బరిబొండాల మీద పడింది. ఒకతను బొండాం లాగేసుకున్నాడు. ఆమె చేతికి బొండాల కత్తి దొరికింది.

మొదటి వేటుకు శేషన్న భుజం తెగింది. రెండో వేటు జయరాం మెడను గీరుకుంటూ పోయింది. అతను పక్కకు వాలి, కాలెత్తి, బలంకొద్దీ ఆమె కడుపులో తన్నాడు.

ఆమె ఎగిరి స్తంభానికి గుద్దుకుంది. కత్తి జారింది. అంతే, జనం విరుచుకుపడ్డారు. చెప్పులు, కట్టెలు, కాళ్ళు. యువరాజ్ చెల్లెలి మీద బోర్లా పడి దెబ్బలు కాశాడు. వాళ్ళు ఆగేసరికి ఆమె నోట్లో నురగ. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి.

యువరాజ్ ఆమెను జీపులో వేశాడు. ఎవరూ పిలవకపోయినా జయరాం ఎక్కాడు.

ఆదోని ఆస్పత్రిలో డాక్టర్ త్రివేణి వేలు గుచ్చి చూసింది. నర్సు మీద అరిచింది. నరంలోకి గ్లూకోజు ఎక్కించింది.

కాసేపటికి నాగవేణి కళ్ళు తెరిచింది. జయరాం చొక్కా మీది రక్తం చూసింది.

"ఎవురు కొట్టినారు నిన్ను?"

జయరాం గోడవైపు తిరిగిపోయాడు.

"ఈమెను పస్తు పెట్టిందెవరు?" అంది డాక్టర్.

"సుగరు ఎక్కువైందని, మేడం..."

"ఎక్కువా? అడుగంటింది! షుగర్ అంత పడిపోతే మెదడు పనిచేయదు. కొందరు కొడతారు, కొరుకుతారు. తర్వాత ఏమీ గుర్తుండదు. సూది డోసు పెంచినారా?"

"లేదు మేడం. ఇన్నేండ్లూ అంతే."

"పస్తు పెట్టినాకే మొదలైందా ఇది?"

"కాదు. అంతకుముందే."

డాక్టర్ ముఖం మారింది. "ఇన్సులిన్ తయారుచేసే క్లోమం ఈమెకు చిన్నప్పుడే మూలపడింది. ఇన్నేళ్ళు సరిపోయిన సూది ఉన్నట్టుండి ఎక్కువైపోయిందంటే, ఒంట్లో ఏదో మారింది. సూదిమందుకు బలమొచ్చిందో, ఆ క్లోమమే కాస్త లేచి కూర్చుందో." నర్సు వైపు తిరిగింది. "కడుపుతో ఉన్న తొలి నెలల్లో కూడా ఇట్లా అవుతుంది. స్కాన్ మిషన్ తీసుకురా."

చీర పక్కకు జరిపారు. పొట్ట మీద మడమ ఆకారంలో నల్లగా కమిలింది.

తెర మీద, ఆ కమిలిన చోటుకు బెత్తెడు కింద, మూడో నెల బిడ్డ గుండె టకటకా కొట్టుకుంటోంది.