కనబడని మలుపు

"గంప పక్కకి జరుపు. టిక్కెట్టు ఎక్కడికి?" అన్నాడు కండక్టరు.

"నూజివీడండీ. పాసుందండీ," అంది సలోమి.

ముసునూరు మలుపులో ఏనాడూ ఆగని బస్సు ఇవాళ ఆగింది. పదో తరగతి పరీక్ష కదాని వాళ్లమ్మ తలకి తుండుగుడ్డ చుట్టి, మామిడికాయల గంప ఎత్తి, "ఇలాగైతే దూరానికి కనబడతావే" అని పంపింది.

కండక్టరు పాసు మీది ఫొటో చూసి కస్సుమన్నాడు. "ఎవరి పాసే ఇది? ఈ పిల్ల రెండు జడలేసుకుని రోజూ ఆ మలుపులోనే నిలబడుతుంది. నాకు తెలీదనుకున్నావా?"

సలోమి తుండుగుడ్డ విప్పింది. రెండు జడలూ భుజాల మీద పడ్డాయి.

ఆయన గొంతు తగ్గించాడు. "నన్నేం చెయ్యమంటావమ్మా? గంపెత్తుకున్నోళ్లయితే టిక్కెట్టు కొంటారు. మీ పాసుల డబ్బు సర్కారు ఎప్పుడిస్తుందో ఏమో! సాయంత్రం కలెక్షను తగ్గితే డిపోలో నన్ను నిలబెట్టి కడిగేస్తారు."

సలోమి కిటికీలోంచి వెనక్కి పోతున్న తోటల్ని చూసింది.

"చెట్ల నీడలో నేను మీకు కనబడటం లేదేమో అనుకున్నానండీ. అందుకే రోజూ ఎండలోకొచ్చి నిలబడేదాన్ని."