పిల్ల తరఫు మనిషి

"కూసో అక్కా! ఎనుకున్నోళ్లకు కనవడతలేదు."

బుచ్చిరాములు రెండుసార్లు చెప్పినా ఆ ముసలామె కూర్చోలేదు. ఆడవాళ్ల వైపు చిట్టచివర, వేదిక మీదికే చూస్తూ నిలబడింది. ఎవరో ఆ వాడకట్టులో ఎవరికీ తెలియదు.

ఎనభై రెండులో మాట. కాశిబుగ్గలో ఆ సాయంత్రం మగ్గాలన్నీ ఆగిపోయాయి. పాటల కొమురెల్లి వచ్చాడు మరి! స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు పల్లెలో పుట్టి రేడియో దాకా ఎక్కిన గొంతు. ఆయన పాట మైకులో పడకపోతే ఆ చుట్టుపక్కల పెళ్లికి కళ రాదు.

కానీ ఈసారి జనం పాట కోసమే రాలేదు.

నెల కిందట కొమురెల్లి తన భార్య అనసూర్యను కొట్టాడు. ఆమె చెయ్యి విరిగింది. హనుమకొండ దవాఖానలో కట్టు కట్టారు. సంగతి పేపర్లో పడింది.

ఇక చూడండి, ఛాయ్ హోటళ్ల నిండా అదే ముచ్చట.

"అంత మంచిగ పాడెటోడు కొడ్తడా?" అని కొందరు.

"ఆమె ఏమన్నదో ఏమో!" అని కొందరు.

ఆ చెయ్యి ఇప్పుడెలా ఉందని అడిగినవాళ్లు మాత్రం లేరు.

అనసూర్య దవాఖాన నుంచి ఒకటే మాట చెప్పి పంపింది. అందరి ముందూ తువ్వాల పరిచి తప్పు ఒప్పుకుంటేనే మళ్లీ ఆ ఇంటి గడప తొక్కుతుందట. లేకపోతే లేదట.

తువ్వాల పరచడం అక్కడి పాత పద్ధతి. తప్పు చేసినవాడు భుజం మీది తువ్వాల తీసి నేల మీద పరుస్తాడు. అన్యాయం జరిగినవాళ్లో, వాళ్ల తరఫు మనిషో దాన్ని ఎత్తి అతని భుజాన వేస్తే తప్పు తీరినట్టు. ముట్టుకోకుండా వెళ్లిపోతే తీరనట్టు.

కొమురెల్లి మైకు ముందుకు వచ్చాడు. తువ్వాల పరిచాడు. చేతులు జోడించాడు.

"ఇంట్ల జర లొల్లయింది. మనిషన్నంక కోపమొస్తది. మీ మనసుకు కష్టమైతే మాఫ్ చెయ్యిండ్రి. మీరే నా దేవుండ్లు!"

గొంతు అచ్చం పాటలో వణికినట్టే వణికింది.

చప్పట్లు. ఈలలు. కళ్లు తుడుచుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

బుచ్చిరాములు ఆ వాడకట్టుకు పెద్దమనిషి. పెద్దరికం చూపించే వీలు దొరికితే ఆయన కాలు నిలవదు. గబగబా వేదికెక్కి, తువ్వాల ఎత్తి, కొమురెల్లి భుజాన వేశాడు. కొమురెల్లి వద్దనలేదు.

"అయిపాయె! తప్పు దీరింది. ఇగ పాడు బిడ్డా!"

హార్మోనియం మోగింది. బుచ్చిరాములు దిగి వచ్చేసరికి ఆ ముసలామె ఎదురొచ్చింది.

"తువ్వాల నువ్వెట్ల ఎత్తినవయ్యా? ఇరిగింది నీ చెయ్యా?"

"ఏందక్కా నీ లొల్లి?"

"కొట్టిన అన్నడా? ఆమె పేరన్న తీసిండా? లొల్లయిందట! లొల్లయితే చెయ్యి ఇరుగుతదా?"

చుట్టూ ఉన్నవాళ్లు విసుక్కున్నారు. వేదిక మీద లైట్ల వెలుగులో ఉన్న మనిషికి ఇదేదీ కనబడలేదు.

"ఎవలీమె? పాట ఇననియ్యదు!"

"పిల్ల తరఫు మనిషి గావచ్చు," అంది పూలమ్మ అనే ఆవిడ.

"అవ్, పిల్ల తరఫునే వచ్చిన," అంది ముసలామె.

బుచ్చిరాములుకు అంతా అర్థమైపోయింది. అలా అనుకున్నాడు పాపం.

"గదీ సంగతి! తల్లివి గదా, బిడ్డ దిక్కే మాట్లాడ్తవు. అంత పేరున్న మనిషి దండం వెట్టిండు. ఇంకేం గావాలె నీకు?"

"దండం మీకు వెట్టిండు. ఆ పిల్లకు గాదు."

మాట చెల్లనప్పుడు ఎవరైనా చేసే పనే బుచ్చిరాములూ చేశాడు. గొంతు పెంచాడు.

"నీకు కొడుకులున్నరా?"

"ఒక్కడే."

"నీ కొడుకును నలుగుట్ల ఇట్ల నిలదీస్తే ఓర్సుకుంటవా? కొమురెల్లిని గన్న తల్లి ఈడుంటే ఆమె కడుపు ఎట్ల కాలుతుండెనో ఎర్కేనా?"

పాడుతున్న మనిషి వైపు చూసింది ముసలామె. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎర్కే," అంది.

"ఎర్కైతే నడువు మరి!"

పూలమ్మ ఆమె రెక్క పట్టుకుని రోడ్డు దాకా తీసుకెళ్లింది. బుచ్చిరాములు తానే హనుమకొండ బస్సు ఆపాడు. బస్సెక్కుతూ ఆమె ఒక మాట అంది.

"ఆ పిల్ల నా మాట కోసం ఎదురుచూస్తాంది. ఆ ఇంటికి పోవద్దు బిడ్డా అనే చెప్త."

పాటలు ముగిశాయి. దండలు వేసేవాళ్లను పక్కకు జరుపుకుంటూ కొమురెల్లి బుచ్చిరాములు దగ్గరికి వచ్చాడు.

"కాకా, అనసూర్య దిక్కు నుంచి ఎవలన్న వచ్చిండ్రా?"

"వచ్చింది, ఓ ముసలామె. పిల్ల తల్లి గావచ్చు. నీ చెవుల వడకుండ బస్సెక్కించినం. ఫికర్ చెయ్యకు."

కొమురెల్లి ముఖంలో రంగు పోయింది.

"పోతా పోతా ఏమన్న అన్నదా?"

"పోవద్దు బిడ్డా అని చెప్తదట. చెప్పుకోనీ!"

కొమురెల్లి వేదిక మెట్టు మీద కూలబడ్డాడు.

"అనసూర్యకు తల్లి లేదు కాకా."

"మరి ఆమె ఎవలు?"

"అనసూర్యను దవాఖానకు ఎత్తుకపోయింది ఆమెనే. నెల నుంచి పక్కనుండి బువ్వ తినవెడ్తాంది ఆమెనే."

"ఎవలు బిడ్డా?"

కొమురెల్లి తలెత్తలేదు.

"నన్ను గన్న తల్లి," అన్నాడు.